ఆల్బమ్ కవర్ గురించి, ఈరోజే చదవండి

ఫ్రెండ్స్, మీడియా ప్రాజెక్ట్ ఆల్బమ్ కవర్ డ్రాఫ్ట్‌లు అన్నీ చూసినాను, నాకైతే కాళహస్తి కలంకారీ స్టైల్‌లో గీసింది బాగా నచ్చింది, చంద్రగిరి కోట ఫోటోది కూడా బాగుంది గానీ అట్లాంటిది టూరిజం పోస్టర్‌లో రోజూ చూసేదే కదా. కలంకారీలో వెదురు కలంతో గీసిన నల్ల గీత ఉంటుంది చూడండి, బెల్లం, ఇనప ముక్కలు నానబెట్టి చేస్తారే ఆ నలుపు, ఆ గీత లావుగా ఉండాది కాబట్టి ఫోన్‌లో గోరంత సైజ్‌లో చూసినా బొమ్మ తెలుస్తుంది. అదే మనకు కావాల్సింది, ఎవురైనా మన పాట ముందు చూసేది ఆ చిన్న చదరంలోనే. అందుకే టైటిల్‌కి సన్న ఫాంట్ వద్దు, ఒత్తులు కలిసిపోయి చదవలేం. గూగుల్ ఫాంట్స్‌లో ధూర్జటి ఫ్రీగా ఉంది, కాళహస్తి కవి పేరే, మన బొమ్మకి భలే సెట్ అవుతుంది. పాత వెర్షన్ ఫోటోషాప్‌లో అక్షరాలు విడిపోతా ఉంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి.

ఫైల్ 3000 x 3000 పిక్సెల్స్, ఆర్‌జీబీ (స్క్రీన్‌కి వాడే రంగుల మోడ్). సీడీ కవర్ ప్రింట్‌కి మాత్రం వేరే ఫైల్, సీఎంవైకే (ప్రింట్‌కి వాడే రంగుల మోడ్), 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్, అంటే కత్తిరించేదానికి ఎక్స్‌ట్రా బొమ్మ, వదలండి, లేకుంటే కటింగ్‌లో అంచు పోతుంది.

ఇంకోటి, నెట్‌లో దొరికిన కలంకారీ బొమ్మ కాపీ కొట్టొద్దు ప్లీజ్, అది ఒకరి చేతి కష్టం. ఆదివారం కాళహస్తికి పోయి అక్కడ గీసేవాళ్లని అడిగి చూసి మనమే గీద్దాం, వచ్చేవాళ్లు మీ పేరు ఇక్కడ రాయండి.