అనంతగిరి తోటల్లో దారి చూపిన పెద్దమ్మగారికి కృతజ్ఞతలు

అనంతగిరి కొండల్లో కాఫీ తోటల మీదుగా నడుస్తున్న మా దంపతులకు పొగమంచులో కాలిబాట కనిపించకుండా పోయినప్పుడు, పండ్ల కోత ఆపి అరకు రోడ్డు వరకు తోడు వచ్చిన పెద్దమ్మగారికి మా హృదయపూర్వక కృతజ్ఞతలు. దారి చూపడమే గొప్ప ఉపకారం. మీరు అంతటితో ఆగలేదు. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లే మిరియాల తీగలకూ ఆధారమని చూపించారు. ఎర్రని పండును వేళ్ల మధ్య నొక్కి, జిగురుతో జారిన రెండు గింజలను నా భార్య అరచేతిలో పెట్టి, పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుందని, అందుకే ఒకే కొమ్మ దగ్గరకు మళ్లీ మళ్లీ రావలసి ఉంటుందని ఓపికగా వివరించారు. 2019లో అరకు అరబికా కాఫీకి లభించిన భౌగోళిక గుర్తింపు వెనుక ఇంతటి శ్రమ ఉన్నదని మాకు అప్పుడే తెలిసింది. డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు, పేరు అడిగేలోగా వెనుదిరిగారు. మా వల్ల మీ పని ఆగిపోయిందన్న చింత మాకు ఇంకా ఉన్నది. వచ్చే కోతల కాలంలో మిమ్మల్ని తప్పక కలుసుకుంటాము.