సదరం క్యాంపులో (వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే చోట) సాయం చేసిన అన్నకి

అన్నా, మీ పేరు అడగడం కూడా కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. మా తమ్ముడికి మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే కండరాలు రానురాను బలహీనపడే జబ్బు. ఇంకా నాలుగడుగులు వేయగలడు, దాంతో "నడుస్తున్నాడుగా, సర్టిఫికెట్ ఎందుకమ్మా" అని కౌంటర్లో తేల్చేశారు. మేం వెళ్లిపోతుంటే మీరే ఆపి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, వాటిలో ఈ జబ్బు కూడా ఉంది, నడుస్తున్నాడా లేదా అని కాదు, డాక్టర్ వేసే వైకల్య శాతం 40కి తగ్గకూడదు, అదీ లెక్క అని చెప్పారు. జెనెటిక్ టెస్టు రిపోర్టు ఫైల్లో పైకి పెట్టించి, మెట్లు ఎక్కలేడని, కింద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోకుండా లేవలేడని డాక్టర్‌కి విడమరిచి చెప్పమన్నారు. మా వాడేమో ఎవరడిగినా మొహమాటానికి "బానే ఉన్నానండి" అంటాడు, వాడితో అదే చిక్కు!

సర్టిఫికెట్ వచ్చింది అన్నా. ఆంధ్రాలో దివ్యాంగుల పింఛను ఇప్పుడు నెలకి 6,000, అది మంజూరైతే ఫిజియోథెరపీకి అమ్మ ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. మీరూ చంకలో కర్రతోనే వచ్చారు, మీ పని అయిపోయింది కూడా, అయినా మా టోకెన్ పిలిచేదాకా పక్కనే ఉన్నారు. చాలా చాలా థాంక్స్. ఆయన ఎవరికైనా తెలిస్తే ఇది కాస్త చూపించండి.