ఈకలుంటే పక్షేనా?

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో ఆర్కియోప్టెరిక్స్ బొమ్మ వేసి, కింద ‘ఈకలున్నాయి కనుక ఇదే తొలి పక్షి’ అని రాశారు. ఆ ‘కనుక’తోనే పేచీ. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన యాంకియోర్నిస్ అనే జీవికి చేతులకే కాదు, కాళ్లకూ పొడవాటి ఈకలున్నాయి. అది ఆర్కియోప్టెరిక్స్ కన్నా సుమారు కోటి ఏళ్లు పాతది. అయినా దాన్ని పక్షి అనాలా, డైనోసార్ అనాలా అన్నది తేలలేదు.

అసలు చిక్కు ఈకలు కనబడకపోవడంలోనే ఉంది. ఆర్కియోప్టెరిక్స్ శిలాజాలు దొరికే జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయి మన తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ల లాగే పొరలు పొరలుగా విడిపోతుంది. (మన బండల్లో మాత్రం ఇలాంటివి వెతకక్కర్లేదు, అవి ఎముకలున్న జంతువులు పుట్టకముందువి.) పొర మీద ఈక అచ్చు చాలా పలచగా పడుతుంది. దీపం నేరుగా పైనుంచి వేస్తే ఏమీ తెలియదు. పక్కనుంచి, రాతిని రాసుకుంటూ పోయేలా వెలుతురు పడితేనే గీతల నీడలు తేలతాయి. 1951లో అక్కడి ఐష్‌టెట్ దగ్గర దొరికిన ఆర్కియోప్టెరిక్స్ నమూనాను 20 ఏళ్లకు పైగా కాంప్సోగ్నాథస్ అనే చిన్న డైనోసార్ అనుకున్నది అందుకే. రెండింటికీ పళ్లు, గోళ్లున్న వేళ్లు, పొడవాటి ఎముకల తోక ఉన్నాయి మరి. ఈకలు కనబడకపోయినా చేతులు కొలిస్తే సరిపోయేది: కాంప్సోగ్నాథస్ చేతులు పొట్టి, ఆర్కియోప్టెరిక్స్ చేతులు దాదాపు కాళ్లంత పొడవు.

నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ మ్యూజియంలో ఉన్న నమూనాది ఇంకా విడ్డూరం. 1857లో దాన్ని ఎగిరే సరీసృపం టెరోడాక్టిలస్‌గా వర్ణించారు. 1970లో శిలాజ శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రోమ్ ఆర్కియోప్టెరిక్స్ అని గుర్తుపట్టారు. 2017లో దాన్ని ఆర్కియోప్టెరిజిడే కుటుంబం నుంచే తప్పించి, ఆస్ట్రోమియా అని కొత్త పేరు పెట్టి, యాంకియోర్నిస్ బంధువుల్లో చేర్చారు. రాయి అదే, ఇంటిపేరు రెండుసార్లు మారింది.

రంగుల సంగతీ ఒక మాట. రామచిలుకలా పచ్చగా వేశారు. ఆర్కియోప్టెరిక్స్‌దని భావించే, విడిగా దొరికిన ఒక ఈకలోని, రంగునిచ్చే మెలనిన్ రేణువుల అచ్చులను 2012లో పరిశీలిస్తే తేలింది నలుపు.

సవరణ వేస్తే, ‘సుమారు 15 కోట్ల ఏళ్ల నాటి, పక్షులకు దగ్గరి చుట్టమైన డైనోసార్’ అని వేయండి.

– జియాలజీ అధ్యాపకులు, కర్నూలు