వేళ్లు తీయడానికి డబ్బుంది, మాత్రలకు లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఆరోగ్య బీమా గురించి వచ్చిన వార్త చదివాను. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. అందులో కార్డుల లెక్క ఉంది, ఆపరేషన్ల లెక్క ఉంది. పల్లె ఆస్పత్రిలో షుగర్ మాత్రలు దొరుకుతున్నాయా అనే మాట ఒక్కటీ లేదు. అందుకే రాయక తప్పలేదు.

మా అక్కకు అరవై దాటాయి. పన్నెండేళ్లుగా షుగర్, తోడుగా బీపీ. ప్రతి నెలా మండలంలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మాత్రలు తెచ్చుకునేది. మధ్యలో వరుసగా మూడు నెలలు ‘స్టాకు రాలేదమ్మా, బయట కొనుక్కో’ అన్నారు. బయట కొంటే నెలకు అయిదొందల దాకా అవుతుంది. కూలికి పోయే మనిషి. రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది. తమ్ముణ్ని, నాకు కూడా చెప్పలేదు. కాలికి రాయి తగిలితే పసుపు అద్ది ఊరుకుంది. పది రోజులకు పాదం నల్లబడింది.

అప్పుడు మొదలైంది మా తిరుగుడు. ఆరోగ్య కేంద్రంలో కట్టు కట్టి పెద్దాసుపత్రికి రాశారు. అక్కడికి మధ్యాహ్నం చేరేసరికి సర్జన్ లేరు. సాయంత్రానికి తిరుపతికి రాసిచ్చారు. ఏ ఆస్పత్రి అన్నది ఇక్కడ రాయడం లేదు. రాస్తే రేపు మెమో అందుకునేది అక్కడి నర్సమ్మే కానీ మందులు పంపనివాళ్లు కారు. తిరుపతిలో రెండు వేళ్లు తీసేశారు. కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్‌కు ఒక్క రూపాయి అడగలేదు. డాక్టర్లు బాగా చూశారు. ఆ మాట చెప్పకపోతే తప్పు. కానీ వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్న తొమ్మిది రాత్రులూ నన్ను తొలిచింది ఒకటే. వేళ్లు తీయడానికి వేలకు వేలు కట్టిన ప్రభుత్వం, ఆ వేళ్లు నిలబెట్టే మాత్రలు ఎందుకు పంపలేకపోయింది?

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకునే రోజులవి. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు అంది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. వీటన్నిటికీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి మంచం ఎక్కితేనే డబ్బు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఖర్చుపెట్టేది మంచం మీద కాదు. ఓపీ చీటీకి, రక్త పరీక్షలకు, మాత్రలకు, బస్సు చార్జీలకు. కేంద్ర ప్రభుత్వ లెక్కల్లోనే 2021-22లో దేశం వైద్యానికి పెట్టిన ప్రతి వంద రూపాయల్లో 39 రూపాయలు జనం జేబులోంచి పోయాయి. అంతకుముందు 60 దాటి ఉండేది, తగ్గింది, నిజమే. ఆ 39 ఎవరి జేబులోంచి పోతున్నాయో మా అక్కను అడగండి.

ఇక తిరుపతి సంగతి. రుయా, స్విమ్స్ ఆస్పత్రులు, ఎముకల ఆస్పత్రి బర్డ్, ప్రసూతి ఆస్పత్రి, ఇప్పుడు చిన్నపిల్లల గుండె ఆస్పత్రి కూడా ఒకే ఊళ్లో ఉండటం మన అదృష్టం. కానీ కడప నుంచీ నెల్లూరు నుంచీ వచ్చేవాళ్లకు తోడు, మండలంలో నయం కావాల్సిన జ్వరాలూ పుళ్లూ కూడా అక్కడికే వెళ్తే ఆ డాక్టర్లు మాత్రం ఏం చేయగలరు? చిత్తూరు వైపు వాళ్లం ఎప్పటి నుంచో తమిళనాడులోని వేలూరు బస్సు ఎక్కుతున్నాం. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు అంటే ‘వేలూరు తీసుకుపోదాం’ అనడం మాకు అలవాటైపోయింది. ఇన్నేళ్లయినా ఆ మాట పోలేదంటే పాలించినవాళ్లందరూ ఆలోచించాలి.

పక్క రాష్ట్రం అంటే గుర్తొచ్చింది. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ఒక సంస్థ పెట్టింది. జిల్లాల్లో గోదాములు, ప్రతి ఆస్పత్రికీ దాని మందుల కేటాయింపు రాసిన ఒక పాస్‌బుక్. దాని ప్రకారం మందులు తెచ్చుకుంటారు. 2021 ఆగస్టులో షుగర్, బీపీ మాత్రలు ఇంటికే తెచ్చిచ్చే పథకం మొదలుపెట్టారు. ఎక్కడ మొదలుపెట్టారనుకున్నారు? మన కుప్పానికి ఆనుకుని ఉన్న కృష్ణగిరి జిల్లాలో. సరిహద్దుకు అటు ఇంటికొచ్చే మాత్ర, ఇటు ఆస్పత్రికి వెళ్లినా దొరకదు. మనకూ ఊళ్లకు వచ్చే 104 వైద్య బండి ఉంది, ఆశా కార్యకర్తలు ఉన్నారు, ఊరికో క్లినిక్ కట్టారు. వాటిలోకి మందులు నెల తప్పకుండా రావాలి, అంతే.

డబ్బు లేదంటారు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో, 2025 నాటికి ప్రభుత్వ వైద్య ఖర్చును జీడీపీలో 2.5 శాతం చేస్తామని రాసుకున్నారు. 2021-22లో అది 1.84 శాతం. 1946లో, దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన భోర్ కమిటీ, పది ఇరవై వేల మందికి 75 పడకల ఆస్పత్రి ఉండాలని చెప్పింది. ఇప్పుడు 30 వేల మందికి ఒక ఆరోగ్య కేంద్రం, అందులో ఆరు పడకలు. వాటి మీద కూడా రాత్రి పూట ఎవరూ ఉండరు. నా చిన్నప్పుడు డాక్టరు గారు ఆస్పత్రి వెనక క్వార్టర్స్‌లోనే కుటుంబంతో ఉండేవారు. అర్ధరాత్రి తేలు కుట్టినా తలుపు తట్టేవాళ్లం, లాంతరు పట్టుకుని వచ్చేవారు. ఆ క్వార్టర్స్‌లో ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. తలుపులు ఎవరో ఊడదీసుకుపోయారు. పెద్ద అధికారులు తనిఖీకి వస్తున్నారంటే ముందు గోడకు మాత్రం సున్నం కొడతారు. ఇల్లే లేనప్పుడు కుర్ర డాక్టర్లు ఊళ్లో ఎలా ఉంటారు? వాళ్లనొక్కరినే తిట్టి లాభం లేదు.

ఇంకొకటి. అందరి చేతా ఆరోగ్య రికార్డుల కోసమంటూ 14 అంకెల ఆభా నంబరు చేయించారు. పరీక్షల రిపోర్టులు ఎక్కడికెళ్లినా కనిపిస్తాయన్నారు. మేం తిరిగిన మూడు చోట్లా ఆ నంబరు అడిగినవాళ్లు లేరు. మూడు చోట్లా అదే రక్త పరీక్ష మళ్లీ చేశారు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఆరోగ్య కేంద్రం ముందు ఈ రోజు ఏ మందు ఉంది, ఏది లేదో బోర్డు మీద రాయాలి. పెద్దాసుపత్రికి రాసేటప్పుడు ఎందుకు రాస్తున్నారో చీటీలో ఉండాలి, అవతల డాక్టరు ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే రోగిని పంపాలి. డాక్టరు ఉండటానికి ఇల్లు బాగుచేయాలి. మీ విలేఖరులు ఈసారి కార్డుల లెక్క కాకుండా, గత ఏడాదిలో ఏ మండలంలో ఎన్ని రోజులు షుగర్ మాత్రలు లేవో అడిగి రాయాలి. చిత్తూరు, తిరుపతి రెండు జిల్లాలవీ అడగండి.

మా అక్క కట్టు మార్పించుకోవడానికి వచ్చే సోమవారం మళ్లీ తిరుపతి వెళ్లాలి. తొలి బస్సుకు బయలుదేరుతున్నాం. నిన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడిగాను. బీపీ మాత్రలు వచ్చాయట, షుగర్‌వి ఇంకా రాలేదట.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు జిల్లా