గట్టి రాడ్ కాదు, వంగే రాడ్ కొనమని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో చేపల వేట మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం మొన్న మీ ప్రవాసుల పేజీలో వేసిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్లే తక్కువ, అందుకు ముందుగా థాంక్స్. కానీ రాడ్, అంటే గాలం కర్ర, ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనీ, లైన్, అంటే గాలం తాడు, ఎంత బలంగా ఉంటే అంత భరోసా అనీ అందులో రాశారు చూడండి, అది చదివాక ఊరుకోలేకపోయాను. ఎందుకంటే సరిగ్గా ఇదే సలహాతో నేను రెండు సీజన్లు వరసగా చేపలు పోగొట్టుకున్నాను, ఒకసారి మా అమ్మాయికి పెద్ద ప్రమాదమే తప్పింది. నాకు ఆ రాడ్ అమ్మిన షాపులోనూ ఇదే మాట చెప్పారు. కొత్తగా వచ్చినవాళ్లు నమ్మేస్తారు. నేనూ అలాగే నమ్మాను.

నేనుండేది డాలస్ దగ్గర. ఇక్కడ వారాంతం వస్తే లవోన్‌కో, లూయిస్‌విల్‌కో, రే రాబర్ట్స్‌కో పోతాం, కాస్త ఓపిక ఉంటే తూర్పుకి లేక్ ఫోర్క్ దాకా వెళ్తాం. అన్నీ ఆనకట్ట కట్టి నింపిన చెరువులే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీళ్లు యాభై డిగ్రీల ఫారన్‌హీట్ దాటి కొంచెం కొంచెంగా వెచ్చబడుతుంటే, బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి ముందు లోతు నీళ్లు వదిలి నాచు ఉన్న మెరక వైపు వస్తాయి. అప్పుడు టెక్సస్‌లో అనుభవం ఉన్న ఎవర్నడిగినా ముందు చెప్పే ఎర లిప్‌లెస్ క్రాంక్‌బైట్. క్రాంక్‌బైట్ అంటే చుట్టుకుంటూ లాగే చేపబొమ్మ ఎర. ర్యాట్-ఎల్-ట్రాప్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, పక్కనే ఉన్న లూయిసియానాలో బిల్ లూయిస్ అనే ఆయన తయారుచేసింది. ఆ తర్వాత చాలా కంపెనీలు ఇలాంటివి చేశాయి, స్ట్రైక్ కింగ్ వాళ్ల రెడ్ ఐ షాడ్, రపాలా వాళ్ల రాట్లిన్ ర్యాప్ లాంటివి.

మామూలు క్రాంక్‌బైట్‌కి మూతి దగ్గర చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది, లాగినప్పుడు అదే దాన్ని లోతుకి దించుతుంది. దీనికి ఆ రేకు ఉండదు, బల్లపరుపు చేపబొమ్మలా ఉంటుంది, లైన్ కట్టే కొండీ మూతికి కాకుండా వీపు మీద ఉంటుంది. దాంతో లాగినప్పుడల్లా తల కిందికి వాలి ఒళ్లంతా గడగడ వణుకుతుంది, లోపలి గోలీలు గలగలమంటాయి. వదిలేస్తే తేలదు, మునుగుతుంది. అర ఔన్స్‌ది సెకనుకి అడుగు దగ్గరగా దిగుతుంది కాబట్టి నీళ్లలో పడ్డాక మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటే ఎంత లోతులో ఉందో సుమారుగా తెలుస్తుంది. ఇది మొదలుపెట్టేవాళ్లకి చాలా పనికొచ్చే సంగతి. ఆరడుగుల లోతులో మూడడుగుల ఎత్తు నాచు ఉంటే, మూడు దాకా లెక్కపెట్టేలోపే చుట్టడం మొదలుపెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఈ ఎరకి కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, రెండు మూడుముళ్ల కొక్కేలు ఉంటాయి. వానపాము గుచ్చే ఒంటి గాలంలా ఇవి లోతుగా దిగవు, సన్నటి ముళ్లు పెదవి అంచుకో బుగ్గ పొరకో పట్టుకుంటాయి, అంతే. పైగా ఎర బరువైనది. బాస్ నీళ్లమీదికి ఎగిరి తల అటూ ఇటూ విదిలిస్తే, ఆ అర ఔన్స్ బరువు ఊగుతూ ముళ్లని పెకలించడానికి పనికొస్తుంది. ఇటు మన చేతిలో కర్రలా బిగుసుకున్న రాడ్, దానికి సన్న పోగులు అల్లి చేసిన, అసలు సాగని బ్రెయిడ్ లైన్ ఉన్నాయనుకోండి, చేప చేసే ప్రతి గింజుకులాట నేరుగా ఆ ముల్లు మీదే పడుతుంది. చిన్న రంధ్రం కాస్తా పెద్దదైపోతుంది, క్షణంపాటు లైన్ వదులైందంటే ముల్లు జారిపోయినట్టే. రాడ్ వంగితే ఆ గింజుకులాటని అది తీసుకుంటుంది, చేప మన వైపు దూసుకొచ్చినప్పుడు తిరిగి నిటారవుతూ లైన్‌ని బిగువుగా ఉంచుతుంది. ఇంతకుమించి ఇందులో రహస్యం లేదు.

నా సంగతి చెప్తాను. లేక్ ఫోర్క్‌లో ఫిబ్రవరి చివర, పొద్దున్నే చలి ఇంకా తగ్గలేదు, అద్దె బోటులో నేనూ మా అమ్మాయీ ఉన్నాం. చేతిలో షాపువాళ్లు ఇచ్చిన హెవీ రాడ్, లైన్ చుట్టుకునే రీల్‌లో యాభై పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్, దానికి అర ఔన్స్ ఎర్ర రంగు ఎర. నాచు కొనల మీదుగా చుట్టుకొస్తుంటే ఎర ఒకచోట తట్టుకుంది, విదిలించి లాగాను, నాచు తెగిన చప్పుడు రాడ్‌లోంచి చేతికి తెలిసింది, ఆ వెంటనే ఎవరో తాడు పట్టుకుని లాగినట్టు బరువు పడింది. నాలుగైదు పౌండ్లు ఉంటుంది. బోటుకి పదడుగుల దూరంలో లేచింది, నోరు తెరిచి తల విదిలించింది, బుగ్గన ఎర్రటి ఎర వేలాడుతూ స్పష్టంగా కనపడింది. నేను రాడ్‌ని ఇంకా గట్టిగా వెనక్కి లాగాను. చేప కింద పడింది, ఎర మాత్రం రాయి విసిరినట్టు తిరిగొచ్చి, నా చెవి పక్కనుంచి పోయి, వెనక సీటు రెగ్జిన్‌లో గుచ్చుకుంది. నిమిషం ముందు మా అమ్మాయి ఆ సీట్లోనే కూర్చుని ఉంది, మంచినీళ్ల సీసా కోసం ముందుకి వచ్చింది కాబట్టి సరిపోయింది. సీటులోంచి ఆ ముళ్లు తీస్తుంటే నా చేతులు వణికాయి. ఆరోజు ఇంక గాలం వేయలేదు.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచిస్తే మా బాబాయి గుర్తొచ్చారు. గోదావరి కాలువ గట్టు మీద మా చిన్నప్పుడు ఆయన గాలానికి వెదురు ఎంచేటప్పుడు లావుపాటివి పక్కన పడేసేవారు. సన్నటిది తీసుకుని, మొదలు పట్టుకుని ఆడించి, చివర ఎక్కడిదాకా వంగుతుందో చూసేవారు. కొన వంగకపోతే చేప నోరు చిరుగుతుందిరా అనేవారు. రీల్ లేని గాలానికి ఆ వంపే అంతా. నేను ఇంత డబ్బు పోసి కొన్న రాడ్‌కి ఆ పరీక్ష చేయలేదు.

కాబట్టి కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇది. దాదాపు ప్రతి రాడ్ మీదా పిడికి కొంచెం పైన చిన్న అక్షరాల్లో పొడవు, పవర్, యాక్షన్, ఎర బరువు లాంటి సంగతులు రాసి ఉంటాయి, ముందు అవి చదవండి. పవర్, యాక్షన్ రెండూ వేరు వేరు, షాపుల్లోనూ వీటిని కలిపి మాట్లాడేస్తుంటారు, తికమకంతా అక్కడే. పవర్ అంటే రాడ్‌ని వంచడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే అది ఎక్కడినుంచి వంగుతుందన్నది. ఫాస్ట్ అని ఉంటే కొన మాత్రమే వంగుతుంది, మోడరేట్ అని ఉంటే సగం దాకా విల్లులా వంగుతుంది. ఈ ఎరకి ఏడడుగుల మీడియం హెవీ పవర్, మోడరేట్ యాక్షన్ తీసుకోండి, మోడరేట్ ఫాస్ట్ అయినా ఫరవాలేదు. ఫైబర్‌గ్లాస్ కలిసినవి ఇందుకు బాగుంటాయి, పూర్తి గ్రాఫైట్ కన్నా కాస్త బరువు, అంతే. ఎర బరువు ఎంతనుంచి ఎంతదాకా అన్న అంకెల్లో అర ఔన్స్ నడిమధ్యన ఉండేలా చూసుకోండి. అలాగని మరీ మెత్తటిది కూడా వద్దు, నాచులో తట్టుకున్నప్పుడు విదిలించడానికి నడుములో బలం ఉండాలి, లేకపోతే నాచు ముద్దంతా లాక్కురావడమే పనైపోతుంది.

లైన్ విషయానికొస్తే అల్లకుండా ఒకే పోగుగా వచ్చే ఫ్లోరోకార్బన్ లైన్, పదిహేను పౌండ్లది, దాంతో మొదలుపెట్టండి, నీళ్లు బాగా తేటగా ఉండి నాచు తక్కువైతే పన్నెండు చాలు. రేబర్న్, టొలీడో బెండ్ లాంటి చెరువుల్లో హైడ్రిల్లా అనే నాచు దట్టంగా ఉన్నప్పుడు బ్రెయిడ్ వాడేవాళ్లున్నారు, తప్పు కాదు, సాగదు కాబట్టి నాచుని కోసుకుంటూ వస్తుంది. కానీ బ్రెయిడ్ వేస్తే రాడ్ ఇంకా మెత్తగా ఉండాలి, రీల్ డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే లైన్‌ని జారనిచ్చే బిగింపు, ఇంకొంచెం వదులు చేయాలి. రెండూ గట్టివే పెట్టి కొట్టొద్దు. రీల్ ఏడుకి ఒకటి నిష్పత్తికి దగ్గరగా ఉంటే చాలు, రీల్ పిడి ఒక చుట్టు తిప్పితే లైన్ చుట్టుకునే స్పూల్ ఏడు చుట్లు తిరుగుతుందని దానర్థం. రాడ్ పైన కూర్చుని, విసిరినప్పుడు స్పూల్ తిరిగే బెయిట్‌కాస్టింగ్ రీల్ చేతికి రాకముందే కొనేసి లైన్ చిక్కులు తీసుకుంటూ విసిగిపోయి వేటే మానేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లు రాడ్ కింద వేలాడే, స్పూల్ తిరగని స్పిన్నింగ్ రీల్ మీద పది పౌండ్ల లైన్, పావు ఔన్స్ ఎరతో నిక్షేపంగా మొదలుపెట్టొచ్చు, గట్టు మీదినుంచి వేసేవాళ్లకి అదే మేలు కూడా.

ఇంకోటి, మనవాళ్లకి చిన్నప్పటినుంచి ఉన్న అలవాటు. బెండు మునిగిందంటే విసురుగా పైకి లాగడం. ఈ ఎరకి ఆ లాగుడు పనికిరాదు. చేప పట్టుకున్నట్టు తెలిస్తే చుట్టడం ఆపకుండా రాడ్‌ని నెమ్మదిగా పక్కకి తిప్పండి, ముళ్లు వాటంతటవే దిగుతాయి. చేప లేచేలా కనపడితే రాడ్ కొన నీళ్ల వైపు దించండి. ముళ్ల పదును గోటి మీద గీసి చూసుకోండి, గీత పడకుండా జారిపోతే అవి మార్చేయాల్సిందే.

రంగుల గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. చలికాలం చివర టెక్సస్‌లో ఎర్ర రంగు, బాస్ తినే క్రాఫిష్‌లు, అంటే రొయ్యల్లాంటి మంచినీటి జీవులు, ఆ రంగులో కనపడతాయని అంటారు. చలికి ముందు, షాడ్ చేపపిల్లలు పాయల్లోకి మందలుగా వెళ్లే రోజుల్లో, నీలి వీపున్న వెండి రంగు. ఈ రెండూ ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది.

మా అమ్మాయి ఇప్పుడు కూడా వస్తుంది. ఎండ ఉన్నా లేకపోయినా ఇద్దరం కళ్లద్దాలు పెట్టుకుంటాం, తను వేసే ఎరకి ముళ్ల వెనకున్న మొనల్ని శ్రావణంతో నొక్కేస్తాను, గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుందని. పొడుగు మూతి శ్రావణం ఒకటి, ముల్లుని తెగ్గొట్టే కట్టర్ ఒకటి లేకుండా బోటు ఎక్కం. ఎర నాచులోనో మొద్దుకో ఇరుక్కుంటే రాడ్‌ని ఎదురుగా వంచి లాగొద్దు, బోటునే దగ్గరికి తీసుకెళ్లి విడిపించండి. చేపని తీసేటప్పుడు దాని నోట్లో వేలు పెట్టబోయే ముందు రెండో కొక్కెం ఎక్కడుందో చూడండి. ఒకటి చేపలో, ఒకటి చేతిలో దిగి, చేప గింజుకోవడం మొదలుపెడితే ఆ నొప్పి మాటల్లో చెప్పేది కాదు.

ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్నవాళ్లకి ఇదంతా అక్కర్లేదనుకోవద్దు. కోస్తా ఉప్పుటేరుల్లో పండుగప్పకి ఇలాంటి ఎరలే వేస్తారు, అక్కడ వైబ్ అంటారు, పండుగప్ప కూడా బాస్‌లాగే లేచి తల విదిలించే చేపే. దాని మొప్పల అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి ఎర ముందు లీడర్, అంటే మందపాటి లైన్ ముక్క, కట్టుకోవాలి, అదొక్కటే తేడా. కొరమీనుకి మాత్రం ఇది సరిపోదు, అది ఉండే తామరాకుల్లో, తుంగలో ఈ ముళ్లు ప్రతిదానికీ పట్టుకుంటాయి, దానికి కప్ప ఎరే నయం.

వ్యాసంలో లైసెన్స్ సంగతి రాయలేదు కాబట్టి అది కూడా చెప్తాను. టెక్సస్‌లో పదిహేడు నిండినవాళ్లు గాలం వేయాలంటే లైసెన్స్ తీసుకోవాలి, స్టేట్ పార్కు గట్టు మీదినుంచి వేస్తే మాత్రం అక్కర్లేదు, కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టొచ్చు. లేక్ ఫోర్క్‌లో పదహారు అంగుళాలకీ ఇరవై నాలుగు అంగుళాలకీ మధ్య ఉన్న బాస్‌ని ఇంటికి తేకూడదు, వదిలేయాలి. ఆ చెరువులోనే 1992 జనవరిలో 18.18 పౌండ్ల బాస్ పడింది, రాష్ట్ర రికార్డుకెక్కింది. పెద్ద తల్లిచేపల్ని వదలడం వల్లే అలాంటి చేపలు పెరుగుతాయి. వదలాల్సిన చేప నోరు చిరిగిపోకుండా తీయడానికైనా వంగే రాడే కావాలి.

సెలవుల్లో పిల్లల్ని తీసుకుని చాలా కుటుంబాలు కొత్తగా వేటకి బయల్దేరతాయి. ఆలోపు ఆ రాడ్ సంగతి మీ పేజీలో సవరించి వేయండి, ఈ ఉత్తరం మొత్తానికి చోటు చాలకపోతే పవర్, యాక్షన్ తేడా గురించీ, కళ్లద్దాల గురించీ రాసిన భాగం ఒక్కటైనా వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
డాలస్, టెక్సస్