కొత్త ఆండ్రాయిడ్ భద్రత చౌక ఫోన్లకూ అందాలి

సంపాదకులకు నమస్కారం.

ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ల గురించిన చర్చ ఎక్కువగా కెమెరా, తెర హంగుల చుట్టూనే తిరుగుతోంది. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ పల్లెల్లో తక్కువ ధర ఫోన్‌తోనే బ్యాంకు లావాదేవీలు జరుపుకునే రైతులకు, పింఛనుదారులకు అంతకన్నా ముఖ్యమైనది భద్రత.

2025 జూన్ 10న మొదట గూగుల్ పిక్సెల్ ఫోన్లకు వచ్చిన ఆండ్రాయిడ్ 16లో, పరిచయం లేని నంబరుతో మాట్లాడుతున్న సమయంలో ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన యాప్‌ను తొలిసారి ఇన్‌స్టాల్ చేయడాన్ని, యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి (తెరపై ఉన్నది చదివి, మన బదులు ఫోన్‌ను నడిపే అధికారం) ఇవ్వడాన్ని ఫోనే అడ్డుకునే ఏర్పాటు ఉంది. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (యాప్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) పంపి, ఫోన్‌లో మాట్లాడుతూనే ఖాతా ఖాళీ చేసే మోసగాళ్లకు ఇది సరైన అడ్డుకట్ట. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయడం డబ్బు పోయిన తర్వాతి మాట. ఇది ముందే కాపాడుతుంది.

అయితే ఖరీదైన ఫోన్లకు త్వరగా అందే కొత్త వెర్షన్ చౌక ఫోన్లకు ఆలస్యంగా వస్తుంది, కొన్నింటికి అసలే రాదు. ఇది అన్యాయం. ఒక మోడల్ అమ్మకాలు ఆగాక కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు అందాలన్న నిబంధనను యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అమలు చేస్తోంది. కేంద్ర ప్రభుత్వం అలాంటి నిబంధనను మన దేశంలోనూ తేవాలి. ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయో ఫోన్ పెట్టెపై తెలుగులో ముద్రించేలా కంపెనీలను ఆదేశించాలి.

— ఒక పాఠకుడు, నల్లగొండ