ఎండిన లాన్ గడ్డిని ఇచ్చేటప్పుడు కలుపు మందు సంగతి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి ముగిసేసరికి మా కోనసీమ పట్టణాల్లోని పార్కుల్లో, కల్యాణ మండపాల్లో ఎండిపోయిన లాన్‌ను చెక్కేసి, కడియపులంక నర్సరీల నుంచి కొత్త గడ్డి తెచ్చి పరుస్తారు. చెక్కిన పాత గడ్డిని కాలువ గట్టున పోసి తగలబెట్టడమో, పంట కాలువలోకి నెట్టేయడమో తరచుగా చూస్తున్నాను. తోట చెత్తను విడిగా ఉంచాలని, వీధుల్లో కాల్చకూడదని, నీటిలో వేయకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి.

ఆ గడ్డి మంచి ఎరువవుతుందన్న నమ్మకంతో రెండేళ్ల కిందట ఒక పార్కు నుంచి నాలుగు బస్తాలు తెచ్చి, పేడ కలిపి కుప్ప వేసి, నెల తిరక్కుండానే పాదులకు వేశాను. చిక్కుడు లేత ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి, కాడలు మెలితిరిగాయి, ఆనప తీగ సాగనే లేదు. ఆరా తీస్తే, వెడల్పాకు కలుపు చావడానికి 2,4-డి అనే కలుపు మందు కొట్టిన వారానికే ఆ గడ్డిని చెక్కారని తెలిసింది. బస్తాలు ఎత్తిన రోజున ఆ ఒక్క మాట చెప్పినవారు లేరు.

మందు తగలకుండా, కేవలం నీరందక ఎండిన గడ్డితో భయం లేదు. మట్టి దులిపి, తుంగ గడ్డలు, గరిక వేళ్లు ఏరేసి, పేడ, పచ్చి ఆకు కలిపి, పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడితో మూడు నాలుగు అడుగుల ఎత్తున పేర్చాలి. లోపలి వేడి 55 డిగ్రీలకు చేరి కనీసం మూడు రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. అంచుల్లోని గడ్డికీ ఆ వేడి తగలాలంటే కుప్పను తిరగవేయక తప్పదు. నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే మన లంక నేలల్లో గొయ్యి పనికిరాదు కనుక, కింద కొబ్బరి మట్టలు పరచి మెరక మీదే వేయాలి, వానకు పైన పట్టా కప్పాలి. బూజు పట్టిన పొడి గడ్డిని కదిపేటప్పుడు నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

మందు తగిలిన గడ్డిని మాత్రం వేరే కుప్పగా ఉంచాలి. బాగా కాగి, నెలల తరబడి మాగిన కుప్పలో 2,4-డి చాలావరకు విరిగిపోతుంది కానీ క్లోపైరాలిడ్, పిక్లోరామ్ వంటి కలుపు మందులు అంత తొందరగా పోవు. అందుకే తోటలో వేసే ముందు ఒక కుండీలో ఆ ఎరువు కలిపిన మట్టి, మరో కుండీలో ఉత్త మట్టి పోసి, రెండింటిలో చిక్కుడు గింజలు నాటి మూడు వారాలు పోల్చి చూసుకోవాలి.

లాన్ నిర్వహించే గుత్తేదారులు ఏ మందు, ఏ తేదీన కొట్టారో పార్కు గేటు దగ్గర బోర్డు మీద రాసేలా, ఆ వివరం లేని గడ్డిని ఎరువు కుప్పలకు తీసుకోకుండా మన పురపాలక సంఘాలు ఈ వర్షాకాలం లోపే ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అమలాపురం